ముప్పయ్యో తారీఖు, సాయంత్రం ఆరింటికి

పిల్లలు వేషాలు కట్టి ఇంటింటికీ వెళ్ళి మిఠాయి అడిగే బెగ్గర్స్ నైట్‌ని అక్టోబరు 30న జరుపుకోవాలా, 31నా అన్న తగాదా మన డిమోయిన్‌లో ఇంకా చల్లారలేదు. 2024లో 30వ తారీఖు సాయంత్రానికి గాలివాన వస్తుందన్నారని నగరం వాళ్ళు పిల్లల్ని 31న పంపమన్నారు. ఒకసారి కదిలింది కదా, ఇక అక్కడే ఉండనిద్దాం అనేవాళ్ళు ఆ మర్నాడే బయల్దేరారు. దేశమంతా హాలోవీన్ 31న చేసుకుంటుంటే మనకెందుకీ వేరుకుంపటి అని వాళ్ళ వాదన. వాకీలో, ఆంకెనీలో కొత్తగా ఇళ్ళు కొనుక్కున్న మన తెలుగువాళ్ళు కూడా ఈ మాటే అంటున్నారు. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చినవాళ్ళకి 30 అంటే వింతగానే ఉంటుంది మరి.

నాదీ ఒక పక్షమే, దాచను. 30నే ఉండాలని నా కోరిక. బీవర్‌డేల్ ఇటుకల ఇళ్ళ మధ్య కాపురముంటూ పిల్లల్ని పెంచినవాణ్ణి, ఆ రోజు మా వీధికి ఎంత ముఖ్యమో తెలుసు. అయినా తేదీ మీద ఇంత గొడవ జరుగుతుంటే వేళ సంగతి ఎవరికీ పట్టకపోవడం నాకు మనస్తాపంగా ఉంది. పొద్దుగూకాక బయల్దేరడం, చిన్నపిల్లలకి రెండు గంటలు, ఎనిమిదికల్లా ఇల్లు చేరడం: మన ఊరి ఆచారంలో గొప్పతనమంతా అక్కడుంది. దాని వెనక ఒక మనిషి ఉన్నారు, ఒక కారణం ఉంది. ముందు ఆ రెండూ చెప్పాలి, ఎందుకంటే ఆ కథ మొదలైన ఏడు ఏటా తప్పుగానే అచ్చవుతోంది.

1930ల్లో హాలోవీన్ రాత్రి అంటే ఊళ్ళు గుండెలు చిక్కబట్టుకునేవి. కుర్రకారు గుంపులు కట్టి గేట్లు ఊడబీకేవారు, కిటికీ అద్దాలకి సబ్బు పూసేవారు, కొన్నిచోట్ల నిప్పు పెట్టేవారు. ఆర్థిక మాంద్యం ముదిరినకొద్దీ దేశమంతటా ఆ ఆకతాయితనం విధ్వంసంలోకి దిగింది. 1938 హాలోవీన్‌కి డిమోయిన్ పోలీసులకి 550 ఫిర్యాదులు వచ్చాయని మన ఊరి కథ రాసినవాళ్ళందరూ చెప్పే లెక్క. నగరంలో పిల్లల ఆటస్థలాలూ వినోదాలూ చూసే పనిలో అప్పుడు కాథరిన్ క్రీగ్ అనే ఆవిడ ఉన్నారు. హాలోవీన్ ముందురోజు సాయంత్రాన్ని ఆవిడ చిన్నపిల్లలకి విడిచిపెట్టించారు. ఇంటింటికీ వెళ్ళి అడగవచ్చు, కాని ఇంటివాళ్ళు ఊరికే పెట్టకూడదు. పాటో, పద్యమో, ఏదో ఒక విద్యో చూపించాకే పెట్టాలి. పాటలూ పద్యాలూ రానురాను తగ్గి జోకు మిగిలింది. ఈనాటికీ మన గుమ్మంలో సంచీ చాచిన పిల్ల జోకు చెప్పందే చాక్లెట్ రాదు.

ఏటా అక్టోబరులో ఈ కథ రాసేవాళ్ళతో నాకు పేచీ వచ్చేది ఇక్కడే. మొదటి బెగ్గర్స్ నైట్ 1938లో జరిగిందని చాలామంది రాస్తారు. నగరం చెప్పేదీ అదే. 1938 హాలోవీన్ నాటి 550 ఫిర్యాదులే దానికి కారణమని ఆ పక్క వాక్యంలోనే రాస్తారు. 31 రాత్రి తగిలిన దెబ్బకి 30 సాయంత్రమే కట్టు కట్టడం ఎలా కుదురుతుంది? ఈ రెండు వాక్యాల్లో ఒకటే నిలుస్తుంది. అయినా ఒకరిది చూసి ఇంకొకరు ఎత్తి రాసుకుంటూ పోతున్నారు.

నా మట్టుకు నేను క్యాలెండరు చూశాను. 1938 అక్టోబరు 30 ఆదివారం. అప్పటి అయోవాలో ఆదివారం సాయంత్రం అంటే చర్చి, ఇల్లు. పిల్లల్ని మాస్కులు పెట్టి వీధిలోకి పంపే కొత్త ఆచారాన్ని ఎంత ధైర్యవంతురాలైనా ఆదివారం నాడు మొదలుపెడుతుందని నేను నమ్మను. ఇంతకంటే గట్టి సాక్ష్యం రేడియో. ఆ ఆదివారం రాత్రే ఓర్సన్ వెల్స్ ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ నాటకం సీబీఎస్‌లో ప్రసారమైంది. న్యూయార్క్‌లో ఎనిమిదింటికి, మన టైములో ఏడింటికి. అంగారకుడి మీది జీవులు దిగి ఊళ్ళు తగలబెడుతున్నాయని విని నిజమేననుకున్నవాళ్ళు దేశంలో ఉన్నారు. మన మొట్టమొదటి బెగ్గర్స్ నైట్ ఆ సాయంత్రమే అయ్యుంటే, ఇళ్ళల్లో రేడియో ఆ మాట చెబుతుండగా షెర్మన్ హిల్‌లో, డ్రేక్ యూనివర్సిటీ చుట్టుపక్కల దయ్యాల వేషాల్లో పిల్లలు తలుపులు తడుతూ ఉండాలి. అలాంటి కథ చేతిలో ఉంటే ఏ ఊరైనా వదులుకుంటుందా? తాతలు మనవలకి చెప్పేవారు, పేపర్లు ఏటా వేసేవి. మన ఊళ్ళో ఆ కథ ఎవరూ చెప్పరు.

కాబట్టి 1938 దెబ్బ తిన్న ఏడు. పిల్లలు మొదటిసారి తిరిగింది మరుసటి ఏడు, 1939 అక్టోబరు 30, సోమవారం అని నా నిర్ణయం. ఒక ఏడు తగ్గినందుకు మన పరువేమీ పోదు. పైగా దెబ్బ తిన్నాక ఏడాదిపాటు ఆలోచించి ఏర్పాటు చేశారంటే క్రీగ్ గారి గౌరవం పెరుగుతుంది.

సెయింట్ లూయిస్ వాళ్ళతో ఇంకో తగువు ఉంది. అక్కడా పిల్లలు జోకు చెప్పి మిఠాయి తీసుకుంటారు, 31న. ఆ ఆచారం తమదేననీ, ఐరిష్ వలసవాళ్ళు తెచ్చిన పాత వేషాల అలవాటు నుంచి దిగిందనీ వాళ్ళు అంటారు. స్కాట్లాండులో, ఐర్లాండులో పిల్లలు వేషం కట్టి పాటో పద్యమో అప్పజెప్పి పండ్లూ చిల్లరా తెచ్చుకునే మాట నిజమే. అలా చూస్తే మూలం ఇద్దరికీ ఒకటే, ఇద్దరం కొట్టుకోనక్కర్లేదు. కాని మనకు ఒక ఊరు, ఒక మనిషి, ఒక నియమం ఉన్నాయి. వాళ్ళకి ఉన్నది ఎవరిదో తెలియని జ్ఞాపకం. ఈ తేడాని ‘రెండు ఊళ్ళలోనూ ఉంది’ అని ఒక్క ముక్కలో తేల్చేసే రచయితలంటే నాకు సహనం లేదు. మనవాళ్ళకి క్రీగ్ గారి నియమం విడమరిచి చెప్పక్కర్లేదు. కోస్తా ఊళ్ళలో దసరాకి బడిపిల్లలు గిలకలు పట్టుకుని పంతులుగారి వెంట ఇంటింటికీ వెళ్ళి, పద్యాలు చదివి పప్పుబెల్లాలు తెచ్చుకున్నది మన పెద్దవాళ్ళకి ఇంకా గుర్తే.

ఇక వేళ. ఇప్పుడు నగరం చెప్పే టైము ఆరు నుంచి ఎనిమిది. అర్బన్‌డేల్‌లో, జాన్‌స్టన్‌లో, వెస్ట్ డిమోయిన్‌లో మన ఇళ్ళ వాళ్ళందరికీ నోటికి వచ్చిన టైమే. గడియారంలో ఆరు ఆరే. ఆకాశంలో మాత్రం అది ఒక గంట జరిగిపోయింది, ఆ సంగతి ఈ ఊళ్ళో నేను చదివిన ఏ వ్యాసంలోనూ లేదు.

అక్టోబరు 30న డిమోయిన్‌లో పొద్దు గుంకేది, గడియారాన్ని ముందుకు తిప్పని అసలు టైము ప్రకారం, 5.10 దాటాక. అంటే ఆరింటికి బాగా చీకటి. 1939లో ఉన్నది ఆ టైమే. యుద్ధకాలంలో 1942 నుంచి 1944 దాకా మూడు అక్టోబర్లలో దేశమంతా గడియారం గంట ముందుకి ఉంది. ఆ తరవాత, 1966 చట్టంతో 1967 నుంచి, అక్టోబరు చివరి ఆదివారం గడియారం వెనక్కి తిప్పుకున్నాం. ఆ చివరి ఆదివారం 31న పడ్డ ఏళ్ళలో మాత్రమే 30న ముందుకు తిప్పిన టైము ఉండేది. 1967కీ 2006కీ మధ్య అలాంటి ఏళ్ళు ఆరే: 1971, 1976, 1982, 1993, 1999, 2004. మిగతా అన్నేళ్ళూ మన పిల్లలు ఆరింటికి చీకట్లోకే అడుగుపెట్టారు. మా వీధి చివర పుట్టి పెరిగిన పెద్దాయన తన చిన్నతనంలో వెలుతుర్లో ఏ ఒక్క తలుపూ తట్టలేదంటే అది ముసలితనపు గొప్పలు కాదు, లెక్క సరిపోతుంది.

2005లో దేశం ఇంధన చట్టం చేసింది. 2007 నుంచి గడియారం వెనక్కి తిప్పడం నవంబరు మొదటి ఆదివారానికి వెళ్ళింది. హాలోవీన్ సాయంత్రానికి ఒక గంట వెలుతురు కలిస్తే బాగుండునని మిఠాయి వ్యాపారులు 1980ల నుంచే వాషింగ్టన్‌లో తిరిగారు, ఆ గంట వాళ్ళకి దక్కింది. ఇప్పుడు 30న మన ఊళ్ళో సూర్యాస్తమయం 6.10 దాటాక. ఆరింటికి పిల్లలు బయటికొస్తే ఎండ ఇంకా గ్రాండ్ అవెన్యూ చెట్ల కొసల మీద ఉంటుంది. పూర్తి చీకటి పడేసరికి ఆరూముప్పావు. రెండు గంటల్లో ముప్పావుగంట అటూ ఇటూ కాని వెలుతురులో గడిచిపోతోంది. ఊరు ఏ నిర్ణయమూ తీసుకోకుండానే ఊరి ఆచారం మారిపోయింది. తేదీ కదిలితే ఇంత రభస చేసేవాళ్ళు ఈ గంట పోయినప్పుడు ఎక్కడున్నారు?

వెలుతురు ఉంటే మంచిదే కదా, పిల్లలకి ప్రమాదం తగ్గుతుంది కదా అంటారు. విస్కాన్సిన్‌లో మిల్వాకీ వాళ్ళు అలాగే అనుకుని ఏళ్ళ తరబడి ఆదివారం మధ్యాహ్నం పూట పిల్లల్ని తిప్పారు. పట్టపగలు దయ్యం వేషం చూడాల్సి వచ్చిన ఆ పిల్లల మీద నాకు జాలి. కాని ప్రమాదం మాట తేలిగ్గా తీసుకునేది కాదు. కెనడా పరిశోధకులు 1975 నుంచి 2016 దాకా, 42 ఏళ్ళ అమెరికా రోడ్డు ప్రమాదాల లెక్కలు తీసి, హాలోవీన్ సాయంత్రాన్ని వారం ముందు, వారం తరవాత సాయంత్రాలతో పోల్చారు. నడిచి వెళ్ళేవాళ్ళు కారు కింద పడి చనిపోయే ప్రమాదం హాలోవీన్‌కి 43 శాతం ఎక్కువ. నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకైతే పది రెట్లు. ఆ లెక్కల్లో అన్నిటికంటే చెడ్డ వేళ ఏది? సాయంత్రం ఆరు గంటల ప్రాంతం.

హిక్‌మన్ రోడ్డు మీద, మెర్ల్ హే రోడ్డు మీద ఆ వేళకి కారు నడిపినవాళ్ళకి ఇందులో ఆశ్చర్యం ఉండదు. ఆఫీసులు వదిలే వేళ. పడమటికి పోయేవాళ్ళకి ఎండ సూటిగా కళ్ళల్లో కొడుతుంది. పిల్లలు నల్ల దుస్తుల్లో ఉంటారు. కొందరు డ్రైవర్లు లైట్లు కూడా వేసి ఉండరు. చీకటి పూర్తిగా పడ్డాక అందరి లైట్లూ వెలుగుతాయి, పిల్లల చేతుల్లో టార్చీలుంటాయి, రోడ్డు పలచబడుతుంది. సంధ్యవేళలో తిప్పడమే ఎక్కువ ప్రమాదమని నేను అంటాను.

మనవాళ్ళకి ఆ వేళతో మరో ఇబ్బంది ఉంది. 2024లో తేదీ మారి 31కి వెళ్ళిందే, ఆ రోజు దీపావళి. అమావాస్య ఘడియలు మన ఊరి టైములో 31 తెల్లవారుజామున మొదలై మర్నాడు పొద్దుటిదాకా ఉన్నాయి. ప్రదోషకాలం అంటే సరిగ్గా ఆ 6.10 తరవాతే. లక్ష్మీపూజకి కూర్చున్న ఇంట్లో తల్లి దీపం వెలిగించబోతుంటే గుమ్మంలో బెల్లు. లేచి వెళ్ళి జోకు వినాలా, హారతి పట్టాలా? 2016లో ఇండియాలో దీపావళి 30నే వచ్చింది, ఇక్కడ కూడా ఆ తేదీకే చేసుకున్న ఇళ్ళలో అప్పుడూ ఇదే అవస్థ. బెగ్గర్స్ నైట్ ఏ తేదీకి జరిగినా దీపావళితో కలిసే ఏళ్ళు ఉంటూనే ఉంటాయి. అరగంట ఆలస్యంగా మొదలైతే మాత్రం పూజ అయ్యాక అదే గుమ్మంలో, వెలిగించిన దీపాల పక్కనే నిలబడి మనం వీధి పిల్లలందరికీ మిఠాయిలు పెట్టగలం. ఇరుగుపొరుగు ఆ దీపాలేమిటని అడుగుతారు కూడా.

30వ తారీఖు గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. అదే అక్టోబరు 30ని డిట్రాయిట్‌లో డెవిల్స్ నైట్ అన్నారు. 1984లో ఆ మూడు రోజుల్లో అక్కడ 800కి పైగా మంటలు లేచాయి. తరవాతి ఏళ్ళలో కాపలాకి వేలమంది పౌరులు వీధుల్లోకి రావలసి వచ్చింది. అదే రాత్రిని అంతకు నలభై అయిదేళ్ళ ముందే తీసుకుని చిన్నపిల్లల చేతిలో పెట్టిన ఊరు మనది. పోలీసుల్ని పెంచి అణచకుండా, పాటా పద్యం అడిగి గెలిచిన ఊరు. దీన్ని దేశం నుంచి వేరుపడటం అనేవాళ్ళు ఊరి చరిత్ర చదవాలి.

నేను అడిగేది ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర, 30నే. మర్నాడు బడి ఉంటుందనేవాళ్ళకి అరగంట నిద్ర పోయినా ఏమీ కాదని చెబుతాను. బుల్లిపిల్లల తల్లిదండ్రులు ఆరున్నరకే మొదలుపెట్టి ఏడుకల్లా తిరిగిరావచ్చు, ఎవరూ ఆపరు. ఎనిమిదిన్నరకి గుమ్మం లైటు ఆర్పేద్దాం, ఆ తరవాత ఎవరూ తలుపు తట్టకూడదు. నగర సంఘం సమావేశాల్లో ఎవరైనా లేచి మాట్లాడవచ్చు. పెద్దలు చాలామందే ఉన్నారు మనలో, ఇక్కడి మ్యాడ్రిడ్ ఊళ్ళోని గుడిలో కలిసినప్పుడు ఈ ఊరి సంగతులన్నీ మాట్లాడుకునేవాళ్ళమే, ఆ సమావేశాలకి వచ్చి కూడా మాట్లాడాలి. తేదీ 31కి వెళ్ళిపోయినా సరే, ఆరున్నర అడగండి.