గృహ హింస నుంచి మహిళల రక్షణ చట్టం, 2005

భారతదేశంలో 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చిన కేంద్ర చట్టం. ఇంట్లో జరిగే హింస కుటుంబ గొడవ కాదనీ, స్త్రీ హక్కుల ఉల్లంఘన అనీ ఇది స్పష్టం చేసింది.

పరిధి: కొట్టడమే కాదు, తిట్లు, అవమానాలు, లైంగిక హింస, కట్నం వేధింపులు, ఇంటి ఖర్చుకు డబ్బివ్వకపోవడం, స్త్రీధనం లాక్కోవడం కూడా హింసే. భార్యతోపాటు తల్లి, అక్కచెల్లెళ్లు, సహజీవనంలో ఉన్న స్త్రీలు రక్షణ కోరవచ్చు.

ఉపశమనాలు: బాధితురాలు నేరుగా గానీ, రక్షణ అధికారి ద్వారా గానీ మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. మొదటి విచారణ సాధారణంగా 3 రోజుల్లో మొదలవ్వాలి. అప్పటి నుంచి 60 రోజుల్లో కేసు తేల్చేందుకు కోర్టు ప్రయత్నించాలి. రక్షణ, నివాసం, భరణం, పిల్లల తాత్కాలిక సంరక్షణ, నష్టపరిహారం కోరవచ్చు. ఇల్లు తన పేరిట లేకున్నా అందులో ఉండే హక్కు ఆమెకుంది. అత్తమామల ఇంటికీ ఇది వర్తించవచ్చని 2020లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, రూ.20,000 వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

సహాయం: మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112. సఖి కేంద్రాల్లో వైద్య సహాయం, న్యాయ సలహా, తాత్కాలిక వసతి ఒకేచోట లభిస్తాయి. ఇరుగుపొరుగువారు కూడా రక్షణ అధికారికి సమాచారం ఇవ్వవచ్చు. సదుద్దేశంతో చెప్పినవారిని చట్టం బాధ్యులను చేయదు. అందువల్ల పక్కింటి ఏడుపు విన్నవారు మౌనంగా ఉండనక్కర్లేదు, ఉండకూడదు.