పొట్లంలోని మందు – దాని వెనుక నూరేళ్ళ చరిత్ర

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఉత్తరాంధ్రలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేశాను. ఒకనాటి ఉదయం యాభయ్యేళ్ళ స్త్రీని ఎడ్లబండి మీద తీసుకువచ్చారు. రెండు రోజులుగా వాంతులు, లేచి నిలబడలేనంత నీరసం. రక్తపోటు పై అంకె 70 దాటడం లేదు. ముఖం మాత్రం పున్నమి చంద్రునిలా గుండ్రంగా ఉంది. కాళ్ళూ చేతులూ సన్నబడ్డాయి. చర్మంపై అక్కడక్కడా కమిలిన మచ్చలున్నాయి. ఏ మందులు వాడుతున్నావని అడిగితే, మోకాళ్ళ నొప్పులకు నాలుగేళ్ళుగా ఒక ఆర్‌ఎంపీ ఇచ్చే పొట్లాలు మింగుతున్నానని చెప్పింది. "మొకం ఉబ్బిపోనాదని అందరూ అంటన్నారు బాబూ, అందుకే ఐదు రోజుల కింద మానేసినాను" అన్నది.

ఆ పొట్లంలో ఉన్నది స్టెరాయిడ్ మాత్రల పొడి అని గ్రహించడానికి ఆట్టే సమయం పట్టలేదు. సెలైన్‌తో పాటు హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ ఇచ్చాము. సాయంత్రానికి ఆమె లేచి కూర్చుని గంజి తాగింది. మందు వాడినందుకు ముఖం ఉబ్బడమేమిటి, మానినందుకు ప్రాణం మీదికి రావడమేమిటి? దీనికి సమాధానం వైద్యచరిత్రలో ఒక ఆసక్తికరమైన అధ్యాయం.

మన రెండు మూత్రపిండాలపైన టోపీల వలె కూర్చున్న చిన్న గ్రంథులు అధివృక్క గ్రంథులు. ఒక్కొక్కటి నాలుగైదు గ్రాముల బరువు మాత్రమే. ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు యూస్టాకీ 16వ శతాబ్దంలోనే వీటిని వర్ణించాడు గాని, ఇవి ఏమి చేస్తాయో మూడు వందల సంవత్సరాల వరకు ఎవరికీ బోధపడలేదు. ఫ్రాన్సులోని బోర్డో అకాడమీ ఈ గ్రంథుల ప్రయోజనమేమిటో చెప్పినవారికి బహుమతి ప్రకటించింది. వచ్చిన వ్యాసాలను పరిశీలించిన మాంటెస్క్యూ, ఏ ఒక్కటీ తృప్తికరంగా లేదని 1718లో తేల్చి చెప్పాడు. బహుమతి ఎవరికీ దక్కలేదు.

ఆ చిక్కుముడిని విప్పినవాడు లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ ఆడిసన్. క్రమంగా నీరసించి, ఆకలి చచ్చి, చర్మం నల్లబడి మరణించిన రోగులను ఆయన ఓపికగా గమనించాడు. శవపరీక్షలో వారి అధివృక్క గ్రంథులు పాడై కనిపించాయి. 1855లో పదకొండుగురు రోగుల వివరాలతో ఆయన ఒక గ్రంథం ప్రచురించాడు. మరుసటి సంవత్సరమే బ్రౌన్-సెకార్డ్ జంతువులలో ఈ గ్రంథులను తొలగించి, అవి త్వరలోనే చనిపోవడాన్ని చూపాడు. ఎవరికీ ప్రయోజనం తెలియని ఆ గ్రంథులు లేనిదే జీవితమే లేదని లోకానికి తెలిసింది. ఆడిసన్ రోగులలో పలువురికి ఆ గ్రంథులను నాశనం చేసినది క్షయవ్యాధి. మన దేశంలో నేటికీ ఆడిసన్ వ్యాధికి క్షయ ఒక ముఖ్య కారణమే. మన వంటి చామనఛాయ శరీరాలలో నలుపును గుర్తించాలంటే చిగుళ్ళు, నాలుక, అరచేతి గీతలు చూడాలని మా గురువులు నేర్పేవారు.

మరొక వైపు అమెరికాలో నాడీ శస్త్రచికిత్సకు ఆద్యుడైన హార్వీ కుషింగ్ 1912లో దీనికి విరుద్ధమైన చిత్రాన్ని వర్ణించాడు. ఆయన చూసిన యువతికి గుండ్రని ముఖం, లావెక్కిన నడుము, సన్నని కాళ్ళూ చేతులూ ఉన్నాయి. మెదడు అడుగున శనగగింజంత ఉండే పీయూష గ్రంథిలోని చిన్న కణితి దీనికి మూలం కావచ్చునని 1932లో ఆయన వివరించాడు. పీయూష గ్రంథి ఏసీటీహెచ్ అనే హార్మోనును పంపితేనే అధివృక్క గ్రంథి కార్టిసాల్‌ను తయారు చేస్తుందని తరువాతి పరిశోధనలు తేల్చాయి. కార్టిసాల్ తక్కువైతే ఆడిసన్ వ్యాధి, ఎక్కువైతే కుషింగ్ వ్యాధి లక్షణాలు.

ఇక మందు కథ. మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్, స్విట్జర్లాండులో తడేయస్ రైక్‌స్టీన్ అధివృక్క గ్రంథుల నుండి అనేక పదార్థాలను వేరు చేశారు. ఎద్దుల పైత్యరసంలోని ఆమ్లం నుండి కార్టిసోన్‌ను రసాయనికంగా తయారు చేసే మార్గాన్ని లూయిస్ సారెట్ కనుగొన్నాడు. 1948 సెప్టెంబరు 21న ఫిలిప్ హెంచ్ బృందం, కీళ్ళవాతంతో కదలలేని 29 ఏళ్ళ స్త్రీకి తొలి ఇంజెక్షన్ ఇచ్చింది. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో కెండాల్, రైక్‌స్టీన్, హెంచ్‌లకు నోబెల్ బహుమతి లభించింది. అంతవరకు మృత్యుముఖంలో ఉండిన ఆడిసన్ రోగులకు ఈ మందు పూర్ణాయుష్షును ప్రసాదించింది. అమెరికా అధ్యక్షుడు కెనెడీ ఈ వ్యాధితోనే, ఈ మందులతోనే జీవించాడు.

ఆ ఆనందం ఎక్కువ కాలం నిలవలేదు. మందు వాడినవారి ముఖాలు ఉబ్బాయి, ఎముకలు గుల్లబారాయి, కొందరికి మతి చలించింది. 1952లో అమెరికా వైద్యులు ఒక విషాదాన్ని ప్రచురించారు. కీళ్ళవాతానికి నెలల తరబడి కార్టిసోన్ వాడిన యువకుడొకడు శస్త్రచికిత్స తరువాత తేరుకోలేని షాక్‌లోకి జారి మరణించాడు. శవపరీక్షలో అతని అధివృక్క గ్రంథులు కుంచించుకుపోయి కనిపించాయి.

కారణం సులభంగానే అర్థమవుతుంది. బయటి నుండి స్టెరాయిడ్ అందుతూ ఉంటే, ఇక చాలునని పీయూష గ్రంథి ఏసీటీహెచ్‌ను తగ్గిస్తుంది. ఆజ్ఞ అందని అధివృక్క గ్రంథి పనిలేక ఎండిపోతుంది. మందును హఠాత్తుగా ఆపితే ఆ గ్రంథి వెంటనే మేల్కొనలేదు. దానికి వారాలు, ఒక్కొక్కసారి నెలలు పడుతుంది. ఆ మధ్యకాలంలో జ్వరమో, గాయమో, శస్త్రచికిత్సో వస్తే శరీరం తట్టుకోలేదు. ఎడ్లబండి మీద వచ్చిన ఆ తల్లికి జరిగినది ఇదే.

దీన్ని చదివి స్టెరాయిడ్‌లను విషమనుకోవద్దని నా మనవి. ఉబ్బసం ముదిరినప్పుడు, తీవ్రమైన అలర్జీలో, అనేక వ్యాధులలో అవి ప్రాణదాతలు. 2020లో ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగుల మరణాలను డెక్సామెథసోన్ తగ్గించిందని రుజువైంది. ఆక్సిజన్ అవసరం లేనివారికి దానివలన మేలు కనిపించలేదు. అయినా అవసరానికి మించి వాడడం, అదుపులేని మధుమేహం తోడై 2021లో మన రాష్ట్రాలలో బ్లాక్ ఫంగస్ ఎందరి కళ్ళను, ప్రాణాలను బలిగొన్నదో మనమందరం చూశాము.

కాబట్టి పాఠకులు కొన్ని విషయాలు మనసులో ఉంచుకోవాలి. పేరులేని పొట్లాలు, రెండు రోజులలో నొప్పి మాయం చేసే మాత్రలు, ముఖం తెల్లబరిచే క్రీములు కొనేముందు అందులో ఏమున్నదో అడగండి. స్టెరాయిడ్ మాత్రలు మూడు వారాలకు మించి వాడి ఉంటే స్వయంగా మానకండి. వైద్యుని సలహాపై మెల్లమెల్లగా తగ్గించాలి. పళ్ళు పీకించుకునే ముందైనా సరే, ఆ మాట వైద్యునికి తప్పక చెప్పండి. వాడుతున్న కాలంలో జ్వరం గాని వాంతులు గాని వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. ఉబ్బసానికి పీల్చే ఇన్‌హేలర్లలోని మోతాదు స్వల్పం. భయపడి వాటిని మానుకోవద్దు.

ఆ తల్లికి మాత్రల మోతాదు నెలనెలా తగ్గిస్తూ పూర్తిగా మాన్పించడానికి పది నెలలు పట్టింది. చివరిసారి వచ్చినప్పుడు ముఖం మామూలుగా ఉంది. మోకాళ్ళ నొప్పి మాత్రం పోలేదు. ఆ నొప్పిని పూర్తిగా పోగొట్టగలనని నేను ఆమెకు అబద్ధం చెప్పలేదు. అలా చెప్పగలిగినవాడి దగ్గరికే జనం ముందుగా వెళతారన్న సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తూనే ఉంది.