గోదావరి ఒడ్డున నీటిరంగుల చదువు

మనిషి గాని దేవుడు గాని లేకుండా, కేవలం ఒక నదినో కొండనో పటమంతా నింపి చిత్రించడం మన దేశంలో పాత అలవాటు కాదు. 16వ శతాబ్దపు లేపాక్షి చిత్రాలలో పార్వతీ పరమేశ్వరులున్నారు, పరిచారకులున్నారు, చీరల అంచులు కూడ ఉన్నవి. చెట్టు మాత్రం కథకు కావలసినంత వరకే.

నీటిరంగుల ప్రకృతి చిత్రణ మనకు చాలవరకు ఇంగ్లీషు ప్రయాణికుల, సర్వేదారుల సామానుతో వచ్చినది. 1780 ప్రాంతంలో లండనులో రీవ్సు సోదరులు రంగులను బిళ్ళలుగా చేసి అమ్మడంతో, నూరుకొనే బాధ తప్పి, ఆరుబయట కూర్చుండి చిత్రించడం సులువయినది. ఫోటోగ్రాఫు లేని కాలమది. కొండ ఏ మలుపున ఉన్నదో కాగితం మీద చూపవలసి వచ్చేది. అందుకే ఈస్టిండియా కంపెనీ 1809లో ఆడిస్కోంబులో పెట్టిన సైనిక పాఠశాలలో చిత్రలేఖనమూ ఒక పాఠమే. అవసరానికి వేసిన బొమ్మలు. అందం లేదని మాత్రం అనను.

ఆ విద్య మనవారికి ఆనందంగా అందినది రాజమహేంద్రవరంలో. అక్కడి ప్రభుత్వ కళాశాలకు 1909లో ప్రిన్సిపాలుగా వచ్చిన ఆస్వాల్డు కూల్డ్రే దొర కవి, నీటిరంగుల చిత్రకారుడు. ఆయన కొలువు ఒకటి, ఇష్టం ఒకటి. ఆసక్తి గల కుర్రవాళ్ళను చేరదీసి ఆరుబయటి ప్రకృతిని చూడడం నేర్పినారు. వారిలో ఒకరు ‘నారాయణరావు’ నవల వ్రాసిన అడివి బాపిరాజు గారు, మరొకరు 1897లో పుట్టిన దామెర్ల రామారావు గారు.

ఆనాటి బడులలో బొమ్మలు నేర్వడమంటే ఎక్కువగా నకలు దించడమే. పారే నదికి నకలెక్కడిది? పైగా నీటిరంగులలో కాగితమే తెలుపు. నీటి మీద ఎండ తళుకు కావలెనంటే అక్కడ రంగు తగలకుండా ముందే విడిచిపెట్టవలె. అనగా కుంచె ముంచక మునుపే వెలుగెక్కడో తేల్చుకొనవలె. మొదట ఆకాశం, దూరపు కొండల పలుచని నీలం. అవి ఆరిన పిదప దగ్గరి చెట్ల ముదురు. తైలవర్ణమైతే గీకి మళ్ళీ వేయవచ్చును. ఇక్కడ రుద్దితే కాగితం నూగు లేచి బురద మిగులుతుంది. తడిగా ఉన్నప్పటి నిండుతనం ఆరిన తరువాత ఉండదు కనుక, క్రొత్తవారు కొంచెం ధైర్యంగానే వేయవలె. మన వేసవిలో ఇంకొక చిక్కు: ఆకాశం ఈ కొస నుండి ఆ కొసకు పూసే లోపలే ఆరి చార పడుతుంది. (ముంబయి వానలలో తలక్రిందులు; ఎంతసేపటికీ ఆరదు!)

కూల్డ్రే ప్రోత్సాహంతో రామారావు గారు 1916లో చదువుకు వచ్చినది మన ముంబయికే. 1857లో స్థాపించిన జె.జె. కళాశాల, బోరీబందరు స్టేషనుకూ క్రాఫర్డు మార్కెట్టుకూ నడుమ, మనం నిత్యం దాటిపోయే చోటనే ఉన్నది. ఇండ్లు కట్టను, మిల్లులలో పని చేయను మనవారు వేలుగా వచ్చిన నగరానికి ఈయన కుంచెతో వచ్చినారు. 1920లో చదువు ముగించి, ఇక్కడ నిలిచిపోక, తిరిగి రాజమహేంద్రవరం చేరి చిత్రకళాశాల నెలకొల్పినారు. భార్య సత్యవాణి గారు, సోదరి బుచ్చికృష్ణమ్మ గారు కూడ చిత్రకారిణులే. ‘తూర్పు కనుమలలో గోదావరి’ చిత్రించిన ఆ చేయి ఎంతో కాలం ఆడలేదు. 1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయనను తీసికొనిపోయినది. ఇరువదెనిమిదేండ్లు నిండలేదు.

బడి మాత్రం మూతపడలేదు. మిత్రులు వరదా వెంకటరత్నం గారు దానిని భుజాన వేసికొని మరొక తరానికి కుంచె పట్టడం నేర్పినారు. రామారావు గారి చిత్రాలు రాజమహేంద్రవరంలో ఆయన పేరిట గల చిత్రశాలలో ఉన్నవి. సెలవులకు ఊరికి పోయేవారు ఆ దారిన దిగితే, గోదావరిని పేరుగా మాత్రమే ఎరిగిన మన పిల్లలకు ముందు ఆ పటాలను, తరువాత ఆ నదిని చూపవచ్చును.