'దవాలీ' – కాలి సిరల వ్యాధిని గుర్తించిన అరబ్బీ వైద్యులు

మోకాలి దిగువన సిరలు ఉబ్బి, నీలివర్ణంతో మెలికలు తిరిగే వ్యాధికి అరబ్బీ వైద్యగ్రంథాలలో 'దవాలీ' అని పేరు. ఆ భాషలో 'దాలియ' అంటే ద్రాక్షతీగ. పిక్కపై తీగవలె అల్లుకున్న సిరను చూచినవారికి ఈ పేరులోని ఔచిత్యం తెలియగలదు.

ఇబ్నె సీనా (980–1037) తన 'అల్ ఖానూన్'లో ఈ వ్యాధి ఎవరికి ఎక్కువగా వస్తుందో చెప్పాడు. కాలినడకన ఉత్తరాలు మోసే వార్తాహరులు, బాటసారులు, బరువులు మోసే 'హమ్మాల్'లు, రాజుల ఎదుట గంటల తరబడి నిలబడే పరిచారకులు ఆ జాబితాలో ఉన్నారు. రోగి కాలినే గాక అతని వృత్తిని కూడా పరిశీలించిన దృష్టి ఇది. మన ధాన్యపు మార్కెట్లలోని 'హమాలీ' అనే మాట ఆ అరబ్బీ పదం నుండి వచ్చినదే.

కార్డోవా సమీపాన వర్ధిల్లిన శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిం జహ్రావీ (936–1013) 'అత్తస్రీఫ్' గ్రంథపు 30వ భాగంలో దీని చికిత్సను వివరించాడు. కాలిని వేడినీటితో కాచి, సిరలు బాగా నిండిన తరువాత చర్మాన్ని కోసి, ఉబ్బిన సిరను వెలికితీయవలెనన్నాడు. ఈ భాగాన్ని 12వ శతాబ్దంలో క్రెమోనా వాసి జెరార్డ్ లాటిన్‌లోకి అనువదించాడు. యూరప్ శస్త్రవైద్యులు దానిని శతాబ్దాల పాటు చదివారు.

అయితే కారణం విషయంలో వీరు గ్రీకుల మార్గాన్నే అనుసరించారు. నల్లపిత్తంతో చిక్కబడిన రక్తం కాళ్లలోకి దిగుతుందని భావించారు. రక్తం కుడి గుండె నుండి ఊపిరితిత్తుల ద్వారా ఎడమ గుండెకు చేరుతుందని ఇబ్నున్నఫీస్ 1242లో వ్రాశాడు. సిరలలోని కవాటాలను ఫాబ్రిసియస్ 1603లో వర్ణించగా, రక్తప్రసరణను హార్వే 1628లో నిరూపించాడు. కవాటాలు సరిగా మూసుకొననప్పుడు, పైకి పోవలసిన రక్తం క్రిందనే నిలిచి సిరలు ఉబ్బుతాయని తేలింది. నల్లపిత్తపు సిద్ధాంతం పోయింది. నిలబడి పనిచేసే వారిని గురించిన పరిశీలన మాత్రం నిలిచింది.

సాయంత్రానికి కాళ్లు బరువెక్కడం, చీలమండల వద్ద వాపు, దురద, రాత్రివేళ పిక్కలు పట్టుకోవడం తొలి లక్షణాలు. కాళ్లు ఎత్తుగా పెట్టుకుంటే ఇవి తగ్గుతాయి. చీలమండపై చర్మం నల్లబడితే అశ్రద్ధ చేయరాదు. అక్కడ మానని పుండు పడవచ్చు. నడిచినప్పుడు పిక్క నొప్పి పుట్టి, ఆగితే తగ్గడం, పాదం చల్లబడడం ధమనుల లోపానికి గుర్తులు. ఒక కాలు అకస్మాత్తుగా వాచి నొప్పిపెడితే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. వెంటనే వైద్యుని చేరవలెను.

'ఖానూన్'లో దవాలీ ప్రక్కనే 'దావుల్ ఫీల్', అనగా ఏనుగు వ్యాధి ప్రస్తావన గలదు. మన ప్రాంతంలో దోమల వల్ల వచ్చే బోదకాలు అటువంటిదే. వాచిన ప్రతి కాలినీ బోదకాలని తలచి ఊరుకుంటే, నయం కాదగిన వ్యాధి ముదిరిపోతుంది. ఆ నష్టం ముందుగా తగిలేది హమాలీకి, వంటవానికి, రోజంతా నిలబడే కూలికి. వేయి సంవత్సరాల క్రితం ఆ వైద్యుల కంటబడినది కూడా వీరి కాళ్లే.