నాన్న వేసుకోమన్న బూట్లు

1945 జనవరి 29. గ్రూన్‌బెర్గ్ శిబిరం ముందు మంచులో ఆడవాళ్లను వరుసలు కట్టించారు. అందరూ యూదులే. తూర్పు నుంచి సోవియట్ సేనలు ముంచుకొస్తున్నాయి. బట్టల మిల్లులో ఇన్నాళ్లూ వీళ్ల రక్తం పిండుకున్న నాజీలు ఇప్పుడు పడమటికి తోలుకుపోతున్నారు.

ఆ వరుసలో గెర్డా వైస్‌మన్‌ను చూడండి. ఇరవై ఏళ్ల పిల్ల. పక్కవాళ్లకు చెక్కజోళ్లు, గుడ్డపీలికలు. గెర్డాకు మాత్రం స్కీ బూట్లున్నాయి. 1942 జూన్‌లో, పోలండ్‌లోని బీల్‌స్కోలో, నాన్న పట్టుబట్టి వేయించినవి. ఎండాకాలంలో ఇవేమిటని అడిగినా ఆయన వినలేదు. ఆ నెలలోనే అమ్మానాన్నలు ఆమెకు శాశ్వతంగా దూరమయ్యారు. వాళ్ల ఫొటోలు ఇప్పుడు ఆ బూట్లలోనే ఉన్నాయి.

నడక సాగుతోంది. రాత్రిళ్లు పశువుల కొట్టాల్లో, లేదంటే ఆరుబయట. కూలబడినవాళ్లను కాపలావాళ్లు కాల్చేస్తున్నారు. మంచు కొరికిన కాలివేళ్లు ఊడిపోతున్నాయి. గెర్డా పక్కనే చిన్ననాటి నేస్తం ఇల్సా నడుస్తోంది. శిబిరంలో ఉండగా ఒకరోజు దారిలో దొరికిన ఒకే ఒక్క రాస్ప్‌బెర్రీ పండును తను తినకుండా జేబులో దాచి, సాయంత్రం ఆకులో పెట్టి గెర్డాకిచ్చిన పిల్ల. ఆ ఇల్సా దారిలోనే ప్రాణం విడిచింది. ఎలాగైనా బతకాలని గెర్డా చేత మాట తీసుకుని మరీ కన్నుమూసింది.

సుమారు 550 కిలోమీటర్లు. చెకోస్లొవేకియాలోని వోలరీ చేరేసరికి మిగిలింది దాదాపు 120 మంది. వాళ్లను ఖాళీ ఫ్యాక్టరీలో పెట్టి తలుపులు బిగించి, బాంబు అమర్చి కాపలావాళ్లు పారిపోయారు. బయట వాన. బాంబు పేలలేదు.

మే 7. రేపటికి గెర్డాకు 21 నిండుతాయి. జుట్టు తెల్లబడింది, బరువు 31 కిలోలే. తలుపులు తెరుచుకున్నాక ఆ ఫ్యాక్టరీ గుమ్మంలో నిలబడి ఉండగా అమెరికా సైనికాధికారి ఒకాయన జీపులో వచ్చాడు. మేం యూదులమని బెదురుతూ చెప్పింది. నేనూ యూదుడినేనన్నాడు ఆయన. మిగతావాళ్లను చూపించమని అడిగి, తలుపు తీసి పట్టుకుని, ముందు ఆమెనే లోపలికి నడవమన్నాడు.

ఆయన పేరు కర్ట్ క్లైన్. మరుసటి ఏడాది వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఆమె తన అనుభవాలను పుస్తకంగా రాసింది, దశాబ్దాలపాటు బడిపిల్లలకు చెప్పింది. నాజీలు ఆరేళ్లపాటు కాలరాసిన మనిషితనాన్ని ఆ తలుపు దగ్గరి మర్యాద తనకు తిరిగిచ్చిందన్న సంగతి, 2022లో కన్నుమూసిన గెర్డా ఎన్నో సభల్లో చెప్పుకున్నదే.