ఇంటి దగ్గరికి వచ్చిన చదువు: దివ్యాంగ సహాయక శిక్షణ చరిత్ర

వైకల్యం ఉన్న వ్యక్తికి అన్నం తినిపించడం, స్నానం చేయించడం, మంచం మీద ఒక వైపు నుంచి మరో వైపుకు ఒత్తిగిల జేయడం, మాట రాని పిల్లవాడి సైగను అర్థం చేసుకోవడం వంటి పనులను తల్లులు, అమ్మమ్మలు, అక్కచెల్లెళ్లు తరతరాలుగా చేస్తూ వచ్చారు. అయినా వాటికి శాస్త్రీయమైన శిక్షణ అవసరమనీ, ఆ శిక్షణకు పాఠ్యప్రణాళిక, పరీక్ష, ధ్రువపత్రం ఉండాలనీ సమాజం గుర్తించింది ఇటీవలి కాలంలోనే. ఇలా గుర్తించిన నాటి నుంచి విద్యావేత్తలను ఒక చిక్కు వెంటాడుతూనే ఉంది. ఈ చదువు ఎవరికి ఎక్కువ అవసరమో, వారే తాము చూసుకుంటున్న మనిషిని విడిచి నగరంలోని శిక్షణ కేంద్రానికి వెళ్లి నెలల తరబడి ఉండలేనివారు. అందుచేత చేతి పుస్తకం, రేడియో పాఠం, ఆదివారపు సంపర్క తరగతి, చివరికి ఆన్‌లైన్ పాఠం అనే క్రమంలో సాగిన ఈ విద్య చరిత్రను సాంకేతిక పరికరాల చరిత్రగా మాత్రమే చూస్తే సరిపోదు. ఇంటి నాలుగు గోడల మధ్య జరిగే శ్రమను వృత్తిగా గుర్తించడానికి పట్టిన కాలపు చరిత్రగా కూడా దానిని చదవాలి.

భారతదేశంలో వికలాంగుల విద్య మొదట వసతి పాఠశాలల రూపంలో వచ్చింది. 1887లో అమృత్‌సర్‌లో క్రైస్తవ మిషనరీ ఆనీ షార్ప్ అంధుల కోసం నెలకొల్పిన పాఠశాలను చరిత్రకారులు దేశంలోని అంధుల పాఠశాలల్లో మొదటిదిగా పేర్కొంటారు. ఆ కాలంలో శిక్షణ అంటే ఉపాధ్యాయుల శిక్షణే తప్ప, పిల్లలను లేపి, కడిగి, తినిపించే ఆయాలకు కూడా నేర్పవలసింది ఉంటుందన్న ఆలోచన దాదాపు లేదు. ఐక్యరాజ్యసమితి 1981ని అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా పాటించిన కాలానికి కేంద్ర ప్రభుత్వం ఒక్కొక్క వైకల్యానికి ఒక్కొక్క జాతీయ సంస్థను ఏర్పరచే పనిలో ఉంది. ఆ క్రమంలోనే మేధో వైకల్యం, అంటే తెలివితేటల ఎదుగుదలలోనూ దైనందిన పనుల నిర్వహణలోనూ చిన్ననాటి నుంచే కనిపించే పరిమితి, ఉన్నవారి కోసం 1984లో సికింద్రాబాద్‌లో ఒక జాతీయ సంస్థ ఏర్పడింది. మనోవికాస్ నగర్‌లో ఉన్న ఈ సంస్థను తెలుగువారిలో చాలామంది ఇప్పటికీ నిమ్హ్ అన్న పాత పేరుతోనే పిలుస్తున్నా, దాని నేటి పేరు జాతీయ మేధో దివ్యాంగజన సాధికార సంస్థ.

ఈ రంగంలోని శిక్షణకు పునాది వంటి పద్ధతి ఒకటుంది. దానిని కార్య విశ్లేషణ అంటారు. పెద్దవారికి ఒకే పనిగా కనిపించే దానిని చిన్న చిన్న అంచెలుగా విడగొట్టి, ఒక్కొక్క అంచెను విడివిడిగా నేర్పడం దీని సారం. పళ్లు తోముకోవడాన్నే తీసుకుంటే, బ్రష్షు పట్టుకోవడం, పేస్టు మూత తీయడం, తగినంత పేస్టు వేయడం, ముందు పళ్లు, పక్క పళ్లు తోమడం, పుక్కిలించడం, బ్రష్షు కడిగి చోట పెట్టడం అనే వరుస ఏర్పడుతుంది. బిడ్డ ఏ అంచె దగ్గర ఆగిపోతున్నాడో గమనించిన సహాయకురాలు మొదట చేయి పట్టుకుని చేయిస్తుంది, తర్వాత మాటతో చెబుతుంది, ఆ తర్వాత సైగతో గుర్తుచేస్తుంది, చివరికి ఆ సైగను కూడా మానుకుంటుంది. కొందరు పిల్లలకు చివరి అంచెను ముందుగా నేర్పి వెనక్కి రావడం మేలు చేస్తుంది. పని పూర్తిచేశానన్న తృప్తి బిడ్డకు తొలి రోజు నుంచే దక్కడం దానికి కారణం. ఈ పద్ధతికి ఖరీదైన పరికరం ఏదీ అక్కరలేదు. కావలసినవి ఓర్పు, క్రమం తప్పని నమోదు మాత్రమే కాబట్టి, అక్షరజ్ఞానం కొద్దిగా ఉన్న తల్లి కూడా దీనిని ఇంట్లో అనుసరించగలదు. పెద్ద సంస్థ గోడల వెలుపల కూడా ఈ విద్య బతకగలదన్న నమ్మకానికి ఆధారం ఇక్కడే దొరికింది.

అదే నమ్మకం అంతర్జాతీయ స్థాయిలో మరొక మార్గంలో బలపడింది. ఆరోగ్యం మనుషులందరి ప్రాథమిక హక్కని 1978లో ఆల్మా ఆటా సదస్సు ప్రకటించిన తర్వాత, ప్రపంచ ఆరోగ్య సంస్థ సమాజ ఆధారిత పునరావాసం అనే విధానాన్ని ముందుకు తెచ్చింది. వికలాంగులను దూరపు సంస్థలకు తరలించకుండా, వారి ఊళ్లోనే, వారి కుటుంబం చేతుల మీదుగానే సేవలు అందేలా చూడటం దీని ఉద్దేశం. ఐనార్ హెలాండర్, ఆయన సహచరులు రూపొందించగా ఆ సంస్థ 1989లో వెలువరించిన శిక్షణ గ్రంథం విడివిడి పుస్తకాల కట్టగా ఉంటుంది. నడవలేని బిడ్డ ఉన్న ఇంటికి ఒక పుస్తకం, చూపు లేని వ్యక్తి ఉన్న ఇంటికి మరొకటి అందేలా, సులభమైన వాక్యాలతో, గీతల బొమ్మలతో దానిని తీర్చారు. ఊళ్లోని ఒక కార్యకర్త ఆ పుస్తకాన్ని ఇంటికి తీసుకువెళ్లి, కుటుంబంలో ఒకరిని శిక్షకులుగా తయారుచేయాలన్నది ప్రణాళిక. పాఠం విడి భాగాలుగా ఉండటం, నేర్చేవారు తమ వీలును బట్టి ముందుకు సాగడం, అనుభవజ్ఞుడు అప్పుడప్పుడు వచ్చి సరిదిద్దడం అనే మూడు లక్షణాలూ ఇందులో ఉన్నాయి కనుక, నేటి ఆన్‌లైన్ కోర్సులకు ఈ పుస్తకాల కట్టను పూర్వరూపంగా భావించవచ్చు.

దూరవిద్యకూ తెలుగునేలకూ ఉన్న బంధం ప్రత్యేకమైనది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పేరుతో ఏర్పడి, 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరును స్వీకరించింది. దాని తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా తొలి ఉపకులపతి అయ్యారు. ఇంటర్ చదవనివారు అర్హత పరీక్ష ద్వారా డిగ్రీలో చేరే అవకాశం, తెలుగులో రాసిన పాఠ్యపుస్తకాలు, ఆకాశవాణి పాఠాలు, కళాశాలల్లో నడిచే అధ్యయన కేంద్రాలు కలిసి, సంసారాన్నీ ఉద్యోగాన్నీ వదలకుండానే చదువుకోవచ్చునన్న ధైర్యాన్ని వేలాది కుటుంబాలకు ఇచ్చాయి. తర్వాతి కాలంలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం ప్రత్యేక విద్యలో బి.ఇడి. కోర్సును కూడా దూరవిద్యా పద్ధతిలో నడిపింది.

అయితే ఈ రంగంలో దూరవిద్య విస్తరించడానికి ప్రధాన కారణం చట్టం. 1986లో ఏర్పడిన భారత పునరావాస మండలికి 1992 నాటి చట్టంతో అధికారం లభించగా, 1993 నుంచి అది చట్టబద్ధ సంస్థగా పనిచేయసాగింది. కోర్సులకు ప్రమాణాలు నిర్ణయించడం, అర్హత పొందినవారి పేర్లను కేంద్ర పునరావాస పట్టికలో నమోదు చేయడం దాని బాధ్యతలు. గుర్తింపు పొందిన అర్హత, నమోదు లేకుండా పునరావాస నిపుణుడిగా పనిచేస్తే ఏడాది వరకు జైలు గాని, వెయ్యి రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చునని చట్టం చెప్పింది. తప్పుడు చికిత్సల నుంచి వికలాంగులను కాపాడటానికి ఈ కట్టుబాటు అవసరమే. కాని ఏళ్ల తరబడి చిన్న సంస్థల్లో చేతిపనిగా ఈ విద్యను నేర్చి, ధ్రువపత్రం మాత్రం లేని వందలాది మంది భవితవ్యం దానితో ప్రశ్నార్థకమైంది. పనిలో ఉన్నవారి కోసం మండలి నడిపిన స్వల్పకాలిక బ్రిడ్జి కోర్సులు, భోపాల్‌లోని భోజ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంతో కలిసి నడిపిన దూరవిద్యా కోర్సులు ఈ సమస్యకు సమాధానంగా వచ్చినవే. అనుభవాన్ని తోసిపుచ్చకుండా దానికి శాస్త్రాన్ని జతచేయడం వీటిలోని మేలైన గుణం.

ఇంత జరిగినా, ఉపాధ్యాయులకు, చికిత్సకులకు దక్కిన గుర్తింపు రోజంతా పక్కన ఉండే సహాయకులకు చాలాకాలం దక్కలేదు. ఆటిజం, మస్తిష్క పక్షవాతం, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి సంక్షేమం కోసం 1999 చట్టంతో ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ ‘సహయోగి’ పథకం ద్వారా సంరక్షకులకు ప్రాథమిక, ఉన్నత స్థాయిల్లో శిక్షణ ఇప్పించడం ఈ దిశలో ముఖ్యమైన అడుగు. 1995 నాటి వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు వైకల్యాలను ఇరవై ఒకటికి పెంచిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, తీవ్రమైన అవసరాలు ఉన్నవారు అధిక సహాయం కోరవచ్చునని కూడా చెప్పింది. అటువంటి హక్కు ఆచరణలోకి రావాలంటే, సహాయం చేయగల శిక్షితులు ప్రతి మండలంలోనూ ఉండాలి.

ఆస్ట్రేలియాలో ఇదే ప్రశ్న వేరొక దారిలో ఎదురైంది. అమృత్‌సర్ పాఠశాల మొదలైన 1887లోనే మెల్‌బోర్న్ దగ్గర మేధో వైకల్యం ఉన్నవారి కోసం తెరిచిన క్యూ కాటేజెస్ అనే పెద్ద వసతి సంస్థ 2008లో మూతపడింది. అటువంటి సంస్థల నుంచి మామూలు ఇళ్లకు మారినవారికి ఇంటింటా సహాయకులు కావలసివచ్చారు. 2013లో మొదలైన జాతీయ వైకల్య బీమా పథకం నిధులను వ్యక్తి అవసరాలను బట్టి కేటాయించి, సహాయకులను ఎంచుకునే అధికారాన్ని ఆ వ్యక్తికే ఇవ్వడంతో, అక్కడి తెలుగువారిలో కొందరికి కూడా జీవనాధారమైన ఈ వృత్తి వేగంగా విస్తరించింది. ధ్రువపత్రం ప్రతి సహాయకుడికీ చట్టరీత్యా తప్పనిసరి కాకపోయినా, యజమానులు దానిని కోరడం వల్ల సర్టిఫికెట్ 3, సర్టిఫికెట్ 4 స్థాయి కోర్సులను శిక్షణ సంస్థలు ఆన్‌లైన్‌లో నడుపుతున్నాయి. వ్యక్తిగత సహాయంలో సర్టిఫికెట్ 3 పొందాలంటే సిద్ధాంత భాగాన్ని ఇంటి నుంచి చదివినా, కనీసం 120 గంటలు నిజమైన పని స్థలంలో గడపవలసిందే.

ఈ రెండు దారులు 2018 నవంబరులో భారత్, ఆస్ట్రేలియాల మధ్య కుదిరిన ఒప్పందంతో కలిశాయి. దాని ఫలితంగా భారత పునరావాస మండలి, మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం కలిసి సమాజ ఆధారిత సమ్మిళిత అభివృద్ధి పేరుతో ఆరు నెలల కోర్సును తయారుచేయగా, అది 2021 మే నెలలో, కోవిడ్ కాలంలో, ఆన్‌లైన్ సభలోనే ప్రారంభమైంది. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలతో కలిసి పనిచేసేలా ఈ కోర్సు పూర్తిచేసినవారికి దివ్యాంగ మిత్ర అని పేరు పెట్టారు. పాఠ్యాంశాలను అందించదలచిన భాషల్లో తెలుగు కూడా ఒకటి. అప్పటికే, 2020 నుంచి, నమోదైన నిపుణుల నిరంతర శిక్షణ తరగతులను మండలి ఆన్‌లైన్‌లో అనుమతించి ఉంది.

హక్కుల చట్టాలు, వైకల్యాల లక్షణాలు, నమోదు పద్ధతులు, మూర్ఛ వచ్చినప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు తెర మీద చక్కగా నేర్చుకోవచ్చు. కాని కండరాలు బిగుసుకున్న బిడ్డను నడుము వంచకుండా, మోకాళ్లు మడిచి ఎత్తడం, మింగడంలో ఇబ్బంది ఉన్నవారికి తల ఏ కోణంలో నిలిపి తినిపించాలో తెలుసుకోవడం, పక్కపుండ్లు పడకముందే చర్మం ఎర్రబడటాన్ని పసిగట్టడం అనుభవజ్ఞుల పర్యవేక్షణలో చేతితో చేస్తేనే వస్తాయి. 1989 నాటి పుస్తకాలు ఊరి కార్యకర్తను ఇంటికి పంపింది, నేటి కోర్సులు పని గంటలను తప్పనిసరి చేసింది ఈ కారణంతోనే. చదువు ఇంటికి రావాలన్న ఆకాంక్షా, చేతికి చేయి తోడు లేనిదే ఈ విద్య పూర్తికాదన్న ఎరుకా మొదటి నుంచీ జంటగానే నడిచాయి. పని గంటలను కాగితం మీద చూపి ధ్రువపత్రం ఇచ్చే శిక్షణ ఈ వారసత్వానికి ద్రోహం చేస్తుంది. చదువును ఇంటిదాకా తేవడంలో శతాబ్దపు ప్రయాణం సఫలమైంది. ఆ చదువు పూర్తిచేసిన సహాయకురాలికి నెలజీతం, సెలవు, వృత్తి గౌరవం దక్కేలా చూడటమే ప్రభుత్వాల మీదా సమాజం మీదా మిగిలి ఉన్న బాధ్యత; అది నెరవేరని పక్షంలో నేర్చినవారు వేరే పనులకు మళ్లిపోతారు, అవసరం ఉన్న ఇంట్లో ఆ భారం మళ్లీ ఒంటరి తల్లి మీదనే పడుతుంది.