కడలి మీద మన గోదావరి

ధవళేశ్వరం దాటాక గోదావరి పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. పేరు మాత్రం అక్కడితో ఆగలేదు. 1943 నుంచి 2015 దాకా మూడు యుద్ధనౌకలు ఒకదాని తర్వాత ఒకటి ‘గోదావరి’ పేరుతో సముద్రాలు తిరిగాయి. ఈ ఒడ్డున పుట్టి పెరిగిన మనకు వాటి కథ తెలిసి ఉండాలి.

మొదటిది ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో కట్టిన స్లూప్, అంటే చిన్న తరహా యుద్ధనౌక. రాయల్ ఇండియన్ నేవీ అప్పట్లో స్లూప్‌లకు నదుల పేర్లు పెట్టేది. 1944 ఆగస్టు 12న సీషెల్స్ దీవుల దగ్గర బ్రిటిష్ నౌక ఫైండ్‌హార్న్‌తో కలిసి జర్మనీ జలాంతర్గామి యు-198ను ముంచింది ఈ గోదావరే. విభజనలో పాకిస్తాన్ వాటాకు వెళ్లి ‘సింధ్’గా పేరు మార్చుకుంది.

రెండోదీ మనం కట్టింది కాదు. బ్రిటన్ డిస్ట్రాయర్ బెడేల్, యుద్ధకాలంలో పోలండు నావికుల చేతుల్లో పనిచేసి, 1953లో మన దగ్గరికొచ్చి గోదావరి అయింది. 1976లో మాల్దీవుల దగ్గర నేలతట్టింది. ఆ తర్వాత దాన్ని విడగొట్టేశారు.

మూడోది మన సొంతం. నౌకాదళ డిజైన్ విభాగం రూపకల్పన చేయగా ముంబైలోని మజగావ్ డాక్ కట్టింది. 1980 మే 15న జలప్రవేశం చేసి, 1983 డిసెంబరు 10న విధుల్లో చేరింది. అంతకుముందు ఇక్కడ కట్టిన లియాండర్ తరహా నౌకల కన్నా పొడవు పెంచి, రెండు సీకింగ్ హెలికాప్టర్లకు చోటిచ్చారు. సోవియట్ క్షిపణులనూ పాశ్చాత్య దేశాల పరికరాలనూ ఒకే ఓడలో పొందికగా అమర్చడం మన ఇంజనీర్ల ఘనత. 1986లో న్యూయార్క్‌లో, లిబర్టీ విగ్రహం శతజయంతి నౌకా ప్రదర్శనలో మన జెండా ఎగరేసింది.

రెండేళ్లకు, 1988 నవంబరులో, మాల్దీవుల్లో కిరాయి సైనికులు తిరుగుబాటు చేశారు. అది విఫలమవడంతో బందీలను ఓడలో వేసుకుని పారిపోతున్న ఆ ముఠాను మన గోదావరి, మరో యుద్ధనౌక బేత్వా వెంటాడి లొంగదీశాయి. వెనకటి గోదావరి ఆయువు తీరిన దీవులకు పన్నెండేళ్ల తర్వాత ఈ గోదావరి అండగా నిలిచింది. 2011లో ఏడెన్ సింధుశాఖలో ఒక గ్రీకు ఓడను సముద్రపు దొంగల బారి నుంచి కాపాడింది.

2015 డిసెంబరు 23న ఆ నౌక సేవ ముగిసింది. పరాయి గడ్డ మీద కట్టిన ఓడలతో మొదలైన పేరు సొంత ఓడ మీద పరువు సంపాదించుకుంది. నాలుగో గోదావరి జలప్రవేశం చేసే రోజు రావాలి. దాన్ని గీసేవాళ్లలో, కట్టేవాళ్లలో, నడిపేవాళ్లలో కాకినాడ, రాజమండ్రి, భీమవరం పిల్లలు ఉండాలి.